అంటువ్యాధుల డేటాబేస్ రూపకల్పన: వైద్యం చదవనివారికి చోటుందా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. అంటువ్యాధులపై నిఘాకు ఉపయోగపడే డేటాబేస్‌లు రూపొందించే పనిలో స్థిరపడాలని ఉంది. వైద్యం చదవకపోవడం అడ్డంకి అవుతుందా? దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: అడ్డంకి కాదు. అయితే డేటాబేస్‌లతో పనిచేసే భాష ఎస్‌క్యూఎల్ బాగా వచ్చినంత మాత్రాన ఈ పని వచ్చినట్టు కాదు. దేన్ని కేసుగా లెక్కించాలో, ఏ తేదీన లెక్కించాలో తేల్చుకోవడమే ఇందులో అసలు కష్టం.

తట్టునే తీసుకోండి. జ్వరం, దద్దుర్లు ఉన్న పిల్లవాడు మొదట అనుమానిత కేసుగా నమోదవుతాడు. రక్తపరీక్ష ఫలితాన్ని బట్టి ఆ కేసు నిర్ధారణ కావచ్చు, కొట్టివేయబడనూ వచ్చు. పాత స్థితిని చెరిపి కొత్తది రాసే పద్ధతి పెట్టుకుంటే, పోయిన వారం ప్రకటించిన అంకె ఈ వారం ఎందుకు తగ్గిందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ప్రతి మార్పూ తేదీతో సహా నిలవాలి. వ్యక్తి, ఆ వ్యక్తికి వచ్చిన జబ్బు, సేకరించిన నమూనా, పరీక్ష ఫలితం వేర్వేరు పట్టికల్లో ఉండాలి. ఎందుకంటే ఒకే మనిషికి రెండుసార్లు జబ్బు రావచ్చు, ఒకే నమూనా రెండు ల్యాబ్‌లకు వెళ్లవచ్చు. లక్షణాలు మొదలైన తేదీని, సమాచారం అందిన తేదీని కలపకండి. సెలవుల తర్వాత ఒక్కసారిగా వచ్చిపడిన పాత రిపోర్టులను, రెండో తేదీ ఒక్కటే చూసేవారు వ్యాధి విజృంభణగా పొరబడతారు. వ్యాధి కోడ్‌తో పాటు అది ఏ కూర్పులోదో కూడా రాయాలి: ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ అయిన ఐసీడీ పదో కూర్పులో (ఐసీడీ-10) బీ05గా ఉన్న తట్టు, 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో 1ఎఫ్03 అయింది.

సాధనం ఎంపికను చిన్న విషయంగా చూడకండి. 2020లో ఇంగ్లాండ్‌లో పాత ఎక్సెల్ ఫైలుకున్న 65,536 వరుసల పరిమితి వల్ల 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి సకాలంలో చేరలేదు. ఆ రోగులతో దగ్గరగా మెలిగినవారిని గుర్తించే పనీ ఆలస్యమైంది.

ఇక మొదలుపెట్టడం గురించి. ఎపిడెమియాలజీ (జనంలో వ్యాధులు ఎలా వ్యాపిస్తాయో అధ్యయనం చేసే శాస్త్రం) ప్రాథమిక పాఠాలు ఒక సెమిస్టర్ పాటు శ్రద్ధగా చదవండి. ఓస్లో విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో అభివృద్ధి అవుతున్న ఆరోగ్య సమాచార సాఫ్ట్‌వేర్ డీహెచ్‌ఐఎస్2 ఓపెన్ సోర్స్ కాబట్టి, దాన్ని సొంత కంప్యూటర్‌లో నడిపి, పైన చెప్పిన తట్టు కేసు అందులో ఎలా ఇముడుతుందో ప్రయత్నించండి. సాధనకు కల్పిత వివరాలే వాడాలి. నిజమైన రోగుల సమాచారం, పేర్లు తీసేసినదైనా, అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. ప్రజారోగ్యంలో పీజీ వెంటనే చేయమని నేను చెప్పను. ఆరోగ్య శాఖలోనో, పరిశోధన సంస్థలోనో డేటా విభాగంలో ఒకటి రెండేళ్లు పనిచేశాక నిర్ణయించుకుంటే, ఎపిడెమియాలజీ వైపు వెళ్లాలో ఇన్ఫర్మాటిక్స్ (ఆరోగ్య సమాచార వ్యవస్థల పని) వైపు వెళ్లాలో మీకే స్పష్టమవుతుంది.