రెండో సెమిస్టర్‌లో ఆగిపోవాలా?

ప్రశ్న: మాది గుంటూరు, ప్రస్తుతం టెక్సస్‌లో ఉంటున్నాం. నాకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. బీకామ్ చదివిన నేను కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల నర్సింగ్ అసోసియేట్ డిగ్రీ రెండో సెమిస్టర్‌లో ఉన్నాను. మొన్నటి పరీక్షలో పాస్ కావడానికి మూడు మార్కులు తగ్గాయి. ఆరు నెలల కోసం వచ్చిన అత్తగారు, పరాయివాళ్ల మలమూత్రాలు ఎత్తడానికి ఇంత చదువు దేనికంటున్నారు. మావారు ఏమీ మాట్లాడరు. మానేయాలనిపిస్తోంది.

జవాబు: అమ్మా, ఆ మూడు మార్కుల బాధలో ఉండగా మాత్రం ఈ నిర్ణయం తీసుకోకండి. మన దగ్గర చదివింది చదివినట్టు రాస్తే మార్కులు వచ్చేవి. నర్సింగ్ పరీక్షలో తరచూ నాలుగు సమాధానాలూ సబబుగానే కనిపిస్తాయి. వాటిలో ముందు చేయవలసింది ఏదన్నదే అసలు ప్రశ్న. పడుకున్న రోగి ఒక్కసారిగా ఆయాసపడుతుంటే మంచం తలవైపు ఎత్తి కూర్చోబెట్టడం ముందా, డాక్టరుకు ఫోన్ చేయడం ముందా? కంఠస్థం చేసినంత మాత్రాన దీనికి సమాధానం దొరకదు. మీ అధ్యాపకురాలిని అడిగి, తప్పిన ప్రతి ప్రశ్ననూ ఆమె ఎదుట కూర్చుని చూడండి, మీరు ఎంచుకున్నది ఎందుకు కాదో మీ మాటల్లో రాసుకోండి.

అత్తగారి మాట మిమ్మల్ని ఎక్కడ గుచ్చిందో నాకు అర్థమైంది. మంచాన పడ్డ మనిషిని పక్కకు తిప్పి ఒళ్లు తుడిచేటప్పుడే నడుము కింద ఎర్రటి మచ్చ కనిపిస్తుంది; వేలితో నొక్కినా ఆ ఎరుపు తెల్లబడకపోతే అది పుండుకు తొలి గుర్తు. దాన్ని ఆ పూటే పట్టుకున్న నర్సు ఆ మనిషిని వారాల నరకం నుంచి తప్పించినట్టే. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. అయితే ఇదంతా అత్తగారితో వాదించి గెలవవలసిన విషయం కాదు. రోజూ సాయంత్రం ఆవిడ చేతికి పట్టీ కట్టి బీపీ చూడండి, వేసుకునే మాత్రలు దేనికోసమో అడిగి తెలుసుకోండి.

రెండేళ్ల డిగ్రీ తక్కువదన్న సంకోచం కూడా మీకు ఉండి ఉండవచ్చు. నాలుగేళ్ల నర్సింగ్ డిగ్రీ అయిన బీఎస్ఎన్ చదివినవారూ మీరూ లైసెన్సు కోసం రాసేది ఒకటే ఎన్‌క్లెక్స్ పరీక్ష, 85 నుంచి 150 ప్రశ్నలు. వచ్చేదీ ఒకటే ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు. కొన్ని పెద్ద ఆసుపత్రులు బీఎస్ఎన్‌కే మొగ్గు చూపుతాయన్నది నిజమే కానీ, దాన్ని ఉద్యోగం చేస్తూ పూర్తి చేయవచ్చు. ఒకవేళ మీది హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగి భార్యకు ఇచ్చేది) అయితే చదువుకు అభ్యంతరం లేదు గానీ ఉద్యోగానికి ఈఏడీ అనే పని అనుమతి పత్రం కావాలి, దానికి సాధారణంగా మీవారి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం ఆయన కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం పొంది ఉండాలి. ఆ సంగతి ఇప్పుడే తేల్చుకోండి.

నా దృష్టిలో మీకు తక్కువైంది తెలివి కాదు, సమయం. మీవారి మౌనాన్ని అయిష్టంగా అనుకునే ముందు, మీరు ఆయనను స్పష్టంగా ఏమైనా అడిగారా? ‘కాస్త సాయం చేయండి’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. మంగళ, గురువారాల్లో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు పిల్లల భోజనం, హోంవర్క్, నిద్ర ఆయనవేనని, క్లినికల్స్ (ఆసుపత్రిలో శిక్షణ) ఉన్న రోజు లంచ్ బాక్సులు కూడా ఆయనే సర్దాలని చెప్పి, ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించండి. అత్తగారి మాటలకు జవాబు చెప్పవలసింది కూడా ఆయనే, మీరు కాదు. ఆ ఏర్పాటుతో వచ్చే పరీక్ష రాయండి. అప్పటికీ మానేయక తప్పదనిపిస్తే, ముందు ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌ను కలిసి, మళ్లీ చేరడానికి నిబంధనలేమిటో రాతపూర్వకంగా తీసుకోండి.