గాజులో ఖాళీని టైమ్‌తో ఎలా కొలుస్తారు?

ప్రశ్న: గ్లాసులో, గట్టి ప్లాస్టిక్‌లో అణువుల మధ్య బుల్లి బుల్లి ఖాళీలుంటాయని, వాటిని పాజిట్రాన్లతో (ఎలక్ట్రాన్‌కి ప్రతికణాలు, పాజిటివ్ చార్జ్ ఉన్నవి) కొలుస్తారని చదివానండీ. పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌తో కలిస్తే రెండూ మాయమైపోతాయి కదా, మరి కొలత ఎలా వస్తుంది? మైక్రోస్కోప్‌లో చూస్తే సరిపోదా?
— ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: మాయమవడానికి ఎంతసేపు పట్టిందో అదేనమ్మా కొలత! మైక్రోస్కోప్ సంగతంటారా, క్రిస్టల్‌లో అణువులు వరసగా ఉంటాయి కాబట్టి ఒకటి లేకపోతే దొరికిపోతుంది, గ్లాసులో అసలు వరసే లేదు, ఇక ఖాళీ ఏదో ఎలా తేల్చడం?

పాజిట్రాన్లు వదిలే రేడియోధార్మిక సోడియం-22ని పల్చటి రేకుల మధ్య పెట్టి అటూ ఇటూ ఒకేలాంటి శాంపిల్ ముక్కలు ఆనిస్తారు. అది పాజిట్రాన్‌ని వదిలిన వెంటనే 1275 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణం కూడా వదులుతుంది, అది స్టార్ట్ సిగ్నల్, లోపల పాజిట్రాన్ అంతమైనప్పుడు వచ్చే 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా స్టాప్ సిగ్నల్, ఈ రెండిటి మధ్య గ్యాప్‌ని లక్షలసార్లు కొలిచి గ్రాఫ్ గీస్తారు.

అసలు కిటుకంతా పాజిట్రోనియంలో ఉంది. కొన్ని పాజిట్రాన్లు చావకముందు ఒక ఎలక్ట్రాన్‌తో జతకట్టి హైడ్రోజన్ లాంటి బుల్లి పరమాణువవుతాయి, దాని పేరే పాజిట్రోనియం. వాటిలో ఆర్థో రకం (రెండు కణాల స్పిన్‌లూ ఒకే దిశలో ఉన్నది) శూన్యంలో సగటున 142 నానోసెకన్లు బతుకుతుంది, కానీ ఖాళీలో ఇరుక్కుంటే గోడలకి తగులుతూ ఉంటుంది కదా, అక్కడి ఎలక్ట్రాన్ ఏదో ఒకటి పాజిట్రాన్‌ని లాగేసుకుంటుంది, దాంతో కొన్ని నానోసెకన్లకే కథ ముగుస్తుంది. ఖాళీ ఎంత ఇరుకైతే చావు అంత తొందర. ఈ ఆయుష్షు నుంచి ఖాళీ సైజు లెక్కగట్టే టావ్-ఎల్‌డ్రప్ మోడల్ ప్రకారం 2 నానోసెకన్లు వచ్చిందంటే ఆ ఖాళీ వ్యాసార్థం దాదాపు 0.29 నానోమీటర్లు! నాకైతే ఇది ఎన్నిసార్లు తలుచుకున్నా అద్భుతంగానే అనిపిస్తుంది.

అయితే ఆ మోడల్ ఖాళీ గుండ్రంగా ఉందనుకుని లెక్కేస్తుంది, నిజం ఖాళీలు వంకరటింకరగా ఉంటాయి, అందుకే ఆ ఒక్క అంకె కన్నా అది ఎలా మారుతోందన్నదే ముఖ్యం అంటాను. పాలీస్టైరిన్ అనే ప్లాస్టిక్‌ని మెల్లగా వేడి చేస్తూ కొలవండి, 100 డిగ్రీల సెల్సియస్ దాపుల్లో, అంటే గట్టి ప్లాస్టిక్ మెత్తబడే గ్లాస్ ట్రాన్సిషన్ దగ్గర, అప్పటిదాకా నెమ్మదిగా పెరుగుతున్న ఆయుష్షు ఒక్కసారిగా జోరందుకుంటుంది, గ్రాఫ్‌లో ఆ మలుపు కంటికి కనిపిస్తుంది.

ఒక్కటి మర్చిపోకండి, మెటాలిక్ గ్లాసుల్లో (గాజులాగే అణువుల వరస లేని లోహాల్లో) పాజిట్రోనియం ఏర్పడదు, అక్కడ పాజిట్రాన్ సొంత ఆయుష్షునే పికోసెకన్లలో చూసుకోవాలి.