పాత గోడకూ కొత్త గదికీ మధ్య నిలువు పగులు

ప్రశ్న: ఇంటికి ఆనించి కొత్త గది కట్టించాం. రెండు నెలలకే పాత గోడ, కొత్త గోడ కలిసేచోట నిలువునా పగిలింది. మేస్త్రీ లప్పం పూసి, మిగతా డబ్బు అడుగుతున్నాడు. ఇచ్చేయాలా?

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. లప్పం పగులును దాస్తుందంతే. ఇరువైపులా 15 సెంటీమీటర్ల మేర ప్లాస్టరింగ్ కొట్టించి చూడండి. కొత్త ఇటుకలు వరస విడిచి వరస పాత గోడలోకి దిగి ఉండాలి, లేదా రెండు గోడల మధ్య కింది నుంచి పైదాకా కావాలనే వదిలిన సందు ఉండాలి. ఈ రెండూ లేకుండా ఊరికే ఆనించి ఉంటే తప్పు కట్టుబడిదే. పగులు చివర పెన్సిలుతో గీత గీసి, తేదీ రాయండి. గీత దాటి పాకుతున్నా, కిందికంటే పైన వెడల్పుగా ఉన్నా కొత్త పునాది కుంగుతోందని అనుమానించాలి. ముందు ఇంజినీరుకు చూపించండి. కదలిక లేకపోతే సందు నింపి, చికెన్ మెష్ (సన్న తీగల వల) బిగించి, సిమెంటు, ఇసుక 1:4 పాళ్లలో ప్లాస్టరింగ్ చేయించి, కనీసం 7 రోజులు తడపాలి. మేస్త్రీ ఒప్పుకోకపోతే ఫొటోలు, చెల్లింపుల రసీదులతో రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు.