గడగడా చదువుతాడు, ‘ఎందుకు?’ అంటే చెప్పలేడు

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి. పాఠం తప్పు లేకుండా గడగడా చదివేస్తాడు. అందులో ఉన్నది అడిగితే చెబుతాడు. ‘ఎందుకు?’ అంటే తెల్లమొహం వేస్తాడు. జ్ఞాపకశక్తి తక్కువా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఉన్నది చెబుతున్నాడంటే జ్ఞాపకం బాగానే ఉందమ్మా. పాఠంలో రాయకుండా వదిలేసింది పూరించుకోవడం దగ్గరే ఆగిపోతున్నాడు. ఇది చూడండి: “రాములమ్మ పొద్దున్నే నాట్లకు వెళ్ళింది. రాత్రికి నడుము పట్టేసింది.” నాట్ల వల్లే అని ఎక్కడా లేదు. నాటు వేయాలంటే బురదలో రోజంతా వంగే ఉండాలని తెలిసినవాళ్ళు రెంటినీ కలిపేసుకుంటారు. పొలం చూడని పిల్లవాడికి అవి రెండు విడి వాక్యాలే.

ఇలా కలుపుకోవడానికి పెద్దలకైనా సమయం పడుతుంది. 1974లో మనస్తత్వ శాస్త్రవేత్తలు హావిలాండ్, క్లార్క్ చేసిన ప్రయోగంలో, పిక్నిక్ సామాన్లు చూశారని చెప్పి వెంటనే ‘బీరు వెచ్చగా ఉంది’ అంటే, ముందే బీరు ప్రస్తావన ఉన్నప్పటికన్నా అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టింది. సామాన్లలో బీరు ఉందని చదివేవాళ్ళే అనుకోవాలి కదా.

అందుకని వేగం తగ్గించండి. రోజూ పది నిమిషాలు, నాలుగైదు వాక్యాలు చాలు. ప్రతి వాక్యం దగ్గరా ఆపి ‘ఎవరు? ఎందుకు? నీకెలా తెలిసింది?’ అని అడగండి. మూడో ప్రశ్నే ప్రాణం. జవాబుకు ఆధారమైన మాట కింద పెన్సిలుతో గీత గీయమనండి. గీత పడకపోతే అది ఊహ కాదు, గాలి కబురు. చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు, పిల్లవాడు తడుముకోగానే మనమే చెప్పేయడం. కాసేపు ఓపిక పట్టండి. నాట్ల లాంటి సంగతి తెలియకపోతే మాత్రం ముందే చెప్పండి, వీలైతే చూపించండి. తెలియనిదాన్ని ఎవరూ ఊహించలేరు.

ప్రశ్న: “సుజాత తలుపు తీసింది. కుక్క అరిచింది. వెంటనే బయటికి పరుగెత్తింది.” పరుగెత్తింది ఎవరని పిల్లలు వాదించుకుంటున్నారు.
– ఒక ఉపాధ్యాయిని, నంద్యాల

జవాబు: ఇద్దరిలో ఎవరైనా కావచ్చు. తెలుగులో స్త్రీకీ జంతువుకూ ఏకవచనంలో క్రియ ఒకటే, పైగా కర్తను వదిలేస్తాం. సుజాత బదులు రవి ఉంటే ‘పరుగెత్తాడు’ అన్న మాటే తేల్చేసేది. ఇక్కడ దగ్గరున్న కుక్క మీదికే ముందు మనసు పోతుంది. తర్వాతి వాక్యం “చెప్పులు కూడా వేసుకోలేదు” అయితే? ఆ వాక్యం కాగితంతో మూసి, ఊహ రాయించి, తర్వాత తీసి చూపించండి. ఊహ మార్చుకున్న పిల్లలకు మార్కు తగ్గించకండి.