గ్రాంటు కావాలా? వాషింగ్టన్ కంటే ముందు మీ కౌంటీలో చూడండి

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక చెల్లెలి ప్రశ్న: "కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలకు మేం నలుగురం ఆడవాళ్లం సాయం చేస్తున్నాం. హైస్కూలు పిల్లలకు శనివారాలు మెంటరింగ్, ఇక్కడ ఎవరూ లేని బాలింతలకు తోడు. ఇన్నాళ్లూ సొంత డబ్బే పెట్టుకున్నాం. గవర్నమెంటు గ్రాంట్లు ఉంటాయంటున్నారు, ఎలా తెచ్చుకోవాలి?"

అమ్మా, మీరు చేసే పని అవసరం నేను కళ్లారా చూస్తూనే ఉన్నాను. అమ్మకు వీసా రాక, భర్తకు సెలవు దొరక్క, పచ్చి బాలింత ఒక్కతే అపార్ట్‌మెంట్‌లో ఉండే పరిస్థితి మనవాళ్లలో ఎంతమందికి వస్తోందో! గుంటూరులో తొమ్మిది చదివి ఇక్కడ పదిలో చేరిన పిల్లాడికి క్రెడిట్లేమిటో, ఏపీ కోర్సులేమిటో (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులు) చెప్పేవాళ్లుండరు. ఇంట్లో అమ్మానాన్నలకూ అవి కొత్తే. కాబట్టి ఈ పనికి డబ్బు అడగడానికి మొహమాట పడకండి. ఎవరిని ముందు అడగాలన్నదే ప్రశ్న.

ఫెడరల్ గ్రాంటుతో మాత్రం మొదలుపెట్టకండి. మెంటరింగ్‌కు న్యాయశాఖలో బాలల న్యాయం చూసే ఓజేజేడీపీ విభాగం గ్రాంట్లు ఇస్తూ వచ్చిన మాట నిజమే. కానీ ఆ డబ్బు ఎక్కువగా ఎన్నో రాష్ట్రాల్లో పని చేసే పెద్ద సంస్థలకు వెళుతుంది. ముందు ఖర్చు పెట్టి తర్వాత రాబట్టుకునే పద్ధతి చాలాచోట్ల ఉంటుంది. లెక్కలు చూసుకోవడానికే ఒక మనిషి కావాలి. పైగా 2025 ఏప్రిల్‌లో ఆ శాఖ వందల గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేసింది. పెద్ద సంస్థలే ఉద్యోగులను తీసేయాల్సి వస్తే, నలుగురి బృందం తట్టుకోగలదా? ఎప్పటికైనా అటు వెళ్లాలనుకుంటే శామ్ డాట్ గవ్ (SAM.gov) అనే ఫెడరల్ ప్రభుత్వ సైట్‌లో నమోదు చేసుకోవాలి. అది పూర్తిగా ఉచితం. రిజిస్ట్రేషన్ చేయిస్తామని, గ్రాంటు ఖాయమని ఫోన్ చేసి డబ్బులడిగేవాళ్లకు ఒక్క డాలరు కూడా ఇవ్వకండి.

మీ చేతికి మొదట అందేది మీ ఆఫీసుల్లో ఉన్న డబ్బు. మనవాళ్లు పనిచేసే చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చిన విరాళానికి సమానంగా తామూ వేస్తాయి. కొన్ని కంపెనీలు వాలంటీరుగా పనిచేసిన గంటలకూ డబ్బిస్తాయి. మైక్రోసాఫ్ట్ గంటకు 25 డాలర్లు ఇస్తుంది. మీ మెంటర్లు శనివారం గడిపే ప్రతి గంటా సంస్థకు ఆదాయమే అవుతుందన్నమాట. ఇది తెలియకే మనవాళ్లు ఎంత వదులుకుంటున్నారో తలుచుకుంటే బాధేస్తుంది.

దీనికి సంస్థకు 501సి3 గుర్తింపు, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ అనే గుర్తింపు ఉండాలి. టెక్సస్‌లో లాభాపేక్ష లేని సంస్థను నమోదు చేయడానికి 25 డాలర్లు, కనీసం ముగ్గురు డైరెక్టర్లు కావాలి. భార్యాభర్తలు, తోడికోడళ్లతోనే బోర్డు నింపకండి, గ్రాంటు ఇచ్చేవాళ్లు ముందు చూసేది అదే. తర్వాత ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు దరఖాస్తు. రాబోయే మూడేళ్లలో ఏ ఏడాదీ 50 వేల డాలర్ల రాబడి దాటదనుకుంటే, 275 డాలర్ల ఫీజుతో 1023-ఈజెడ్ అనే చిన్న ఫారం సాధారణంగా సరిపోతుంది. అంతవరకూ ఆగలేకపోతే, ఇప్పటికే గుర్తింపు ఉన్న సంస్థను ఫిస్కల్ స్పాన్సర్‌గా, అంటే మీ తరఫున విరాళాలు తీసుకునే సంస్థగా పెట్టుకోవచ్చు. వచ్చిన డబ్బులో కొంత శాతం వాళ్లు ఉంచుకుంటారు, ఒప్పందం మాత్రం కాగితం మీద ఉండాలి.

ఆ తర్వాత మీ ప్రాంతపు కమ్యూనిటీ ఫౌండేషన్, అంటే స్థానికుల విరాళాలు పోగుచేసి అక్కడి సంస్థలకు గ్రాంట్లిచ్చే సంస్థ. మీ దగ్గర కమ్యూనిటీస్ ఫౌండేషన్ ఆఫ్ టెక్సస్ ఉంది. ఏటా సెప్టెంబరులో నార్త్ టెక్సస్ గివింగ్ డే నడిపేది వాళ్లే. చిన్న ప్రైవేటు ఫౌండేషన్లు కూడా ఉంటాయి. వాళ్లు ఎవరికి ఎంత ఇచ్చారో 990-పీఎఫ్ అనే పన్ను పత్రంలో రాయాలి, దాన్ని ప్రోపబ్లికా సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అందులో మీ కౌంటీ సంస్థలకు ఐదు వేలు, పది వేలు ఇచ్చినవాళ్లను ఏరుకోండి. కాండిడ్ అనే లాభాపేక్ష లేని సంస్థ వారి ఫౌండేషన్ల జాబితాను కొన్ని పబ్లిక్ లైబ్రరీలు ఉచితంగా చూడనిస్తాయి, లైబ్రేరియన్‌ను అడగండి. ఓపిగ్గా కూర్చుని చూపిస్తారు.

ఇక దరఖాస్తు. మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. "తెలుగు సంస్కృతిని భావితరాలకు అందించడం మా ధ్యేయం" అని రాస్తే పక్కన పెట్టేస్తారు. ఇలా రాయండి: "గత రెండేళ్లలో ఈ దేశానికి వచ్చిన, తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు చదివే పిల్లలు. ప్రతి శనివారం లైబ్రరీ గదిలో రెండు గంటలు. ఒక్కొక్కరికి ఒకే మెంటర్, కనీసం ఏడాది పాటు." ఆ ఏడాది మాట ఊరికే అనలేదు. మధ్యలో మెంటర్ మాయమైతే పిల్లలకు మేలు కన్నా కీడే ఎక్కువ. మెంటర్ అనే జాతీయ సంస్థ మంచి ప్రమాణాలను ఉచితంగా ఇస్తోంది, అవి చదివి మీ నియమాలు రాసుకోండి. ప్రతి మెంటర్‌కూ బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించండి, అది బడ్జెట్‌లో మొదటి పద్దుగా ఉండాలి. "మనవాళ్లేగా" అని వదిలేయొద్దు, పిల్లల విషయంలో ఆ మాటే చెల్లదు. ఇన్సూరెన్స్ కూడా చేర్చండి. హాజరు పట్టీ ఈ శనివారం నుంచే పెట్టండి. రేపు ఏం సాధించారని అడిగినప్పుడు చూపించేది ఆ పట్టీయే.

బాలింతల ఇళ్లకు వెళ్లినప్పుడు గృహహింస కనిపించొచ్చు. దాన్ని మీరే చక్కదిద్దాలని చూడకండి. డాలస్‌లో చేతన, హ్యూస్టన్‌లో దయ లాంటి దక్షిణాసియా సంస్థలకు శిక్షణ పొందిన మనుషులున్నారు. వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకుంటే ఆ తల్లికీ మంచిది, మీ దరఖాస్తుకూ బలం.

వీసా సంగతి మరవకండి. గ్రాంటు డబ్బుతో కోఆర్డినేటర్‌కు జీతం పెట్టారనుకోండి, ఈఏడీ (పని చేసుకునే అనుమతి పత్రం) లేని, భర్త హెచ్1బీ మీద హెచ్4 వీసాతో వచ్చిన చెల్లెలికి అది ఇవ్వకూడదు. హెచ్1బీ వాళ్లకు తమ కంపెనీ పనికే అనుమతి. గౌరవ వేతనం, గిఫ్ట్ కార్డు అని పేరు మార్చినా చిక్కే. ఎవరికైనా డబ్బు ఇచ్చే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి.

గుర్తింపు వచ్చాక ఏటా ఐఆర్‌ఎస్‌కు రిటర్ను వేయాలి. రాబడి 50 వేలు దాటని సంస్థకు 990-ఎన్ అనే చిన్న రిటర్ను చాలు, ఆన్‌లైన్‌లో కాసేపటి పని. వరుసగా మూడేళ్లు వేయకపోతే గుర్తింపు దానంతటదే రద్దవుతుంది. మీ నలుగురిలో ఆ బాధ్యత ఎవరిదో మొదటి మీటింగులోనే రాసి పెట్టుకోండి.