కాటా దగ్గర కెమెరా లారీ నంబరు చదవకపోతే, ఆపరేటర్లందరి ఎంట్రీ ఒకేలా ఉండేదెలా?

కెమెరా నంబరు ప్లేటు చదవలేనప్పుడు మీ ఆపరేటర్లు చేత్తో టైప్ కొడుతున్నారు, మూడు షిఫ్టుల వాళ్లు మూడు రకాలుగా కొడుతున్నారు, దీన్ని ఒక దారికి తెచ్చేదెలా అని అడిగారు. హైదరాబాద్ జీడిమెట్లలో ఒక స్క్రాప్ యార్డు వేబ్రిడ్జి, అంటే లారీలు తూచే కాటా, ఆరేళ్లు చూసుకున్నాను. ఈ తలనొప్పి నాకు బాగా తెలుసు.

లారీ లోడుతో వచ్చినప్పుడు ఒకసారి, ఖాళీగా వెళ్లేటప్పుడు ఒకసారి కాటా ఎక్కుతుంది. ఆ రెండు బరువుల తేడాయే సరుకు. ఒకరోజు పొద్దుటి షిఫ్టు అతను చివరి నాలుగు అంకెలు 0457 అని, మధ్యలో గీతలు పెట్టి కొట్టాడు. మధ్యాహ్నం వచ్చినతను గీతలు లేకుండా ఉత్త 457 కొట్టాడు. కంప్యూటరు లెక్కలో అవి రెండు వేర్వేరు లారీలు. ఒకటి లోపలికి వచ్చి బయటికి పోలేదు, ఇంకొకటి లోపలికి రాకుండానే బయటికి పోతోంది. డ్రైవరు చీటీ కోసం కిటికీ పట్టుకుని నిలబడ్డాడు, వెనక లైన్లో హారన్లు. ఆ టెన్షన్‌లో ఆపరేటరు ఇంకో కొత్త ఎంట్రీ వేసేశాడు. దాన్ని సరిచేసేసరికి రాత్రయింది.

గీతలు, ఖాళీలు, ముందు సున్నాల సంగతి మనుషుల జ్ఞాపకానికి వదలకండి. గోడకు కాగితం అంటించి చూశాను, వారం పనిచేసింది, తర్వాత ఎవరూ చూడలేదు. సాఫ్ట్‌వేరు చేసినతనితో నంబరును నాలుగు గళ్లుగా విడగొట్టించాను: రాష్ట్రం, ఆర్టీఓ ఆఫీసు కోడ్, సిరీస్ అక్షరాలు, చివరి నాలుగు అంకెలు. 457 కొడితే ముందు సున్నా అదే వేసుకుంటుంది. మన దేశంలో సిరీస్ అక్షరాల్లో ఐ, ఓ వాడరు, కాబట్టి ఆ గడిలో ఓ కొడితే తీసుకోదు. సున్నాకూ ఓకూ మధ్య గొడవ ఆ ఒక్క మార్పుతోనే పోయింది. మీ గేటులో కార్లు కూడా వస్తే దేశమంతా చెల్లే బీహెచ్ (భారత్) సిరీస్ నంబర్లకు వేరే వరస పెట్టించండి, అందులో ముందు సంవత్సరం వస్తుంది.

రాష్ట్రం గడిలో మాత్రం ముందే ఏదో ఒకటి నింపి ఉంచకండి. హైదరాబాద్ రోడ్ల మీద 2014కు ముందు ఏపీ బండ్లు, ఆ తర్వాతి టీఎస్ బండ్లు, 2024 మార్చి నుంచి టీజీ బండ్లు, మూడూ తిరుగుతున్నాయి. టీజీ వచ్చాక మా వాళ్లు అలవాటు కొద్దీ పాత టీఎస్ లారీలకు కూడా టీజీ కొట్టేవాళ్లు. పాత బండి నంబరు మారలేదు కదా.

అన్నిటికన్నా పెద్ద తప్పు మేము చేసింది ఇంకొకటుంది. కెమెరా తప్పుగా చదివినదాన్నే గడిలో పెట్టి, సరిచేయమని ఆపరేటరుకు ఇచ్చాం. రాత్రి రెండింటికి ఎవరు చూస్తారు? ఎంటర్ కొట్టేస్తారు. 8 ఉన్నచోట బి, 5 ఉన్నచోట ఎస్ అలాగే పోయేవి. తర్వాత గడి ఖాళీగా ఉంచి, పక్కన ప్లేటు ఫోటో పెద్దగా చూపించాం. చూసి కొట్టక తప్పదు.

ఇంకా మంచి మార్పు, బయటికి వెళ్లేటప్పుడు అసలు టైప్ చేయించకపోవడం. యార్డు లోపల ఏ వేళైనా పది పన్నెండు లారీలకు మించి ఉండవు. వాటి ఫోటోలు తెర మీద వస్తాయి, ఎదురుగా ఉన్నదాన్ని నొక్కితే చాలు. లోపలికి వచ్చేటప్పుడు ఒక్కసారి సరిగ్గా కొడితే సరిపోతుంది.

ఫోటోలో కూడా కనబడకపోతే డ్రైవరును అడగాలి. ఇక్కడ జాగ్రత్త. మన దగ్గర సగం మంది డ్రైవర్లు నంబరు హిందీలో జంటలుగా చెప్తారు. ఉనాసీ అంటే 79, నవాసీ అంటే 89. ఇంజను మోతలో, తెలుగు ఆపరేటరుకు ఈ రెండూ ఒకేలా వినబడతాయి. "భాయ్, ఒక్కో అంకె చెప్పు, సాత్, నౌ, అట్లా" అని అడగడం మా వాళ్లకు నేర్పించాను. అక్షరాలకు బి ఫర్ బాంబే, డి ఫర్ ఢిల్లీ. ఆపరేటరు తిరిగి చదివి వినిపించాలి, డ్రైవరు ఔనన్నాకే సేవ్. అప్పటికీ అనుమానం ఉంటే గేటు దగ్గరి మనిషి వెళ్లి బాడీ పక్కన పెయింటుతో రాసిన నంబరు చూసి వస్తాడు. ఊహించి కొట్టడం మాత్రం వద్దు. తెలియని అంకె చోట ప్రశ్న గుర్తు పెట్టమనండి. అలా పెట్టినందుకు ఆపరేటరును ఎవరూ తిట్టకూడదు. తిడితే రేపటి నుంచి ఊహించి నింపుతాడు.

చేత్తో కొట్టిన ప్రతిసారీ కారణం కూడా నొక్కించండి: బురద, హెడ్‌లైటు వెలుగు, విరిగిన ప్లేటు, ప్లేటుకు అడ్డం. రాయించొద్దు, బటన్లు చాలు. మా దగ్గర వానాకాలంలో బురదే ఎక్కువని ఆ లెక్కలో తేలింది. కాటా ముందు ఒక బకెట్టు నీళ్లు, పాత గుడ్డ పెట్టించాం. క్లీనరు దిగి ఒక్కసారి తుడిస్తే, చాలాసార్లు కెమెరానే చదివేసేది.