స్కూల్ నుంచి ఇచ్చిన స్టిక్ ఇన్సెక్ట్స్‌ని ఇంట్లో ఎలా పెంచాలి?

మీరు ఇంగ్లాండ్‌లో ఉంటున్నారు, పాప స్కూల్లో ఒక ప్లాస్టిక్ డబ్బాలో కొన్ని స్టిక్ ఇన్సెక్ట్స్ (ఎండు పుల్లలా కనిపించే పురుగులు) పెట్టి ఇంటికి పంపారు, ఒకటి అప్పుడే చనిపోయింది. లెట్యూస్ పెడితే సరిపోతుందా, హీటర్ కొనాలా, కుడతాయా, వేసవిలో ఇండియా వెళ్తే వీటి సంగతేంటి అని అడిగారు. మా ఇంట్లో కూడా ఇవి స్కూల్ నుంచే వచ్చాయి. తర్వాత వాటి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు అన్నీ ఇక్కడే పెరిగాయి కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను.

అందరూ తిండి గురించే టెన్షన్ పడతారు. కానీ మా దగ్గర పోయినవాటిలో ఎక్కువ కుబుసం విడిచేటప్పుడే పోయాయి, దానికి కారణం డబ్బా ఎత్తు. ఈ పురుగు పెద్దదయ్యేలోపు దాదాపు ఆరు సార్లు కుబుసం విడుస్తుంది. ఎక్కువగా రాత్రిపూటే. ఆకు కిందనో పైన ఉన్న వలకో వెనక కాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతుంది, తల వెనకాల వీపు మీద చర్మం చీలుతుంది, అందులోంచి మెత్తటి ఒళ్లు కిందికి జారుతూ ముందు కాళ్లు, నడిమి కాళ్లు, చివరికి వెనక కాళ్లు ఒక్కొక్కటిగా బయటికి లాక్కుంటుంది. పాత చర్మంలోంచి వచ్చాక ఒంటి పొడవు అంతకుముందు కంటే స్పష్టంగా ఎక్కువ ఉంటుంది, అంటే కింద ఖాళీ లేకపోతే తల నేలకి తగులుతుంది, కాళ్లు వంకరగా ఉన్నప్పుడే గట్టిపడిపోతాయి. వంకర కాళ్లతో సరిగ్గా ఎక్కలేదు, మేయలేదు. కాబట్టి డబ్బా ఎత్తు పెద్ద పురుగు పొడవుకి కనీసం మూడింతలు ఉండాలి. మీకిచ్చినవి మామూలు ఇండియన్ స్టిక్ ఇన్సెక్ట్స్ అయితే పెద్దయ్యాక 8 నుంచి 10 సెంటీమీటర్లు ఉంటాయి, అంటే లోపల ఏ అడ్డూ లేకుండా 30 సెంటీమీటర్లకి తగ్గకూడదు. కొమ్మలు కూడా కిక్కిరిసేలా కుక్కకండి. స్కూల్ వాళ్లు ఇచ్చిన చిన్న డబ్బా ఇంటికి తెచ్చుకోవడానికి మాత్రమే.

వేలాడుతూ కనిపిస్తే డబ్బా కదపకండి, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. విడిచిన చర్మాన్ని అదే తినేస్తుంది, మామూలే, భయపడొద్దు. పాత చర్మం ఒక కాలికి ఇరుక్కుపోయిందని లాగారంటే కాలు ఊడి వస్తుంది, దానికంటే కొంచెం నీళ్లు స్ప్రే చేసి వదిలేయడం మేలు. ఒకవేళ చిన్నదానికి కాలు ఊడినా తర్వాతి కుబుసాల్లో మళ్లీ మొలుస్తుంది. మొదట పొట్టిగా వచ్చి, విడిచిన కొద్దీ పెరుగుతుంది. మా పాప అలాంటి కాలు ఒకటి పెరగడం వారం వారం చూసింది, ఆ కాలు గురించి తాతయ్యకి ఫోన్‌లో చెప్పేది.

గాలి బాగా పొడిగా ఉంటే చర్మం సరిగ్గా ఊడదు. సాయంత్రం ఆకుల మీద పలుచగా నీళ్లు స్ప్రే చేయండి, ఆ చుక్కలే తాగుతాయి కూడా. కానీ డబ్బా అంతా చెమ్మగా ఉంచితే బూజు పడుతుంది, అందుకే పైనో పక్కనో వల ఉండి గాలి ఆడాలి. ఇండియన్ వాటికి హీటర్ అక్కర్లేదు, మనం ఉండే గది వేడి చాలు. రేడియేటర్ పక్కన, ఎండ నేరుగా పడే కిటికీలో మాత్రం పెట్టకండి. ఆ గదిలో పురుగుల మందు, రూమ్ ఫ్రెషనర్ కొట్టొద్దు, అగరబత్తీలు కూడా వేరే గదిలో వెలిగించండి. ఇంట్లో కుక్కో పిల్లో ఉండి దానికి ఫ్లీ మందు వేసి ఉంటే చేతులు శుభ్రంగా కడుక్కునే ఈ డబ్బా ముట్టుకోవాలి, ఎందుకంటే అది పురుగుల్ని చంపే మందే కదా.

ఇక తిండి. లెట్యూస్ వద్దు. తింటాయి కానీ దాంట్లో నీళ్లు తప్ప పెద్దగా ఏమీ ఉండదు, పైగా సూపర్‌మార్కెట్ ఆకుల మీద ఏ మందు కొట్టి ఉందో తెలియదు. మీ దగ్గర ఊరికే దొరికేది బ్రాంబుల్, అదే బ్లాక్‌బెర్రీ ముళ్ల పొద. పార్కుల అంచుల్లో, కాలువ గట్ల మీద, చాలాసార్లు మన ఇంటి కంచెలోంచే పొడుచుకొస్తుంది. చలికాలంలో కూడా చాటుగా ఉన్న పొదలకి ఆకులు మిగిలే ఉంటాయి. అది దొరకని రోజుల్లో ప్రివెట్ (కంచెగా పెంచే పొద) లేదా ఐవీ (గోడల మీద పాకే తీగ) పెట్టండి. ప్రివెట్ కాయలు, ఐవీ కాయలు మనుషులకి విషం, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి. గులాబీ ఆకులు కూడా తింటాయి, మీ పెరట్లోవి, మందు కొట్టనివి అయితేనే. పూల కొట్టు గులాబీలు వద్దే వద్దు. రోడ్డు పక్కవి, కలుపు మందు కొట్టే చోట్లవి కోయకండి, ఎక్కడివైనా కడిగి, నీళ్లు దులిపి పెట్టండి. వసంతంలో వచ్చే లేత చిగుళ్లు చూడ్డానికి బాగుంటాయి కానీ ముదురు ఆకులే మంచివి.

కొమ్మల్ని జామ్ సీసాలో నీళ్లు పోసి పెడితే చాలా రోజులు వాడిపోకుండా ఉంటాయి. సీసా మూతి మాత్రం దూదితోనో టిష్యూతోనో సందు లేకుండా మూసేయండి, లేదంటే పిల్ల పురుగులు కాండం వెంట దిగి నీళ్లలో పడి చచ్చిపోతాయి. అప్పుడే పుట్టినవి ఆకుని అంచు నుంచి కొరుకుతాయి. బ్రాంబుల్ ఆకు అంచు గట్టిగా, ఒక్కోసారి ఎండి ఉంటుంది, దాన్ని కత్తెరతో చుట్టూ సన్నగా కత్తిరించి పెట్టండి. ఈ చిన్న పని చేస్తే మొదటి వారం గట్టెక్కే పిల్ల పురుగుల సంఖ్య బాగా పెరుగుతుంది. పాత కొమ్మ పారేసే ముందు ప్రతి ఆకు కిందా వెతకాలి. ఈ పని పిల్లలకి ఇవ్వండి, మనకంటే వాళ్ల కళ్లే ముందు పట్టేస్తాయి.

కుట్టవు, కరవవు. భయపడితే కాళ్లు ఒంటికి ఆనించి పుల్లలా బిగుసుకుపోతాయి, చచ్చిందేమో అనుకుని పారేయకండి. ఎత్తేటప్పుడు నడుం పట్టుకుని లాగొద్దు, కాళ్ల చివర కొక్కేలు ఆకుని పట్టుకుని ఉంటాయి. అరచెయ్యి ముందు పెట్టి వెనక నుంచి మెల్లగా తగిలితే అదే ఎక్కుతుంది. అయితే ఇది ఇండియన్ రకం గురించే. పెరూ నుంచి వచ్చిన నల్లటి రకం, అమెరికాలో రెండు చారలు ఉండే రకం ద్రవం చిమ్ముతాయి, కంట్లో పడితే చాలా ప్రమాదం. కాబట్టి ఏ రకమో టీచర్‌ని అడగండి. ముందు కాళ్లు మొదలయ్యే చోట లోపలివైపు ఎర్రటి మచ్చ ఉంటే, ఒళ్లు నున్నగా ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే అది ఇండియన్‌దే. తమిళనాడు పళని కొండల వైపు నుంచి యూరప్ చేరిన రకం ఇది, 1901లో సినేటీ అనే ఆయన దీన్ని శాస్త్రీయంగా వర్ణించాడు. బ్రిటన్‌లో 1980లో మొదలైన ఫాస్మిడ్ స్టడీ గ్రూప్ అని ఒక సంఘం ఉంది (ఫాస్మిడ్ అంటే ఈ స్టిక్ ఇన్సెక్ట్స్ వర్గమే), పెంచే రకాలన్నిటికీ నంబర్లు ఇస్తారు, ఒకటో నంబర్ దీనిదే. మన దక్షిణాది కొండల పురుగు అక్కడి క్లాస్‌రూముల్లో పిల్లల చేతుల మీద నడుస్తుందని తెలిసినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది.

గుడ్ల సంగతి మాత్రం ఇప్పుడే తేల్చుకోండి. వీటిలో దాదాపు అన్నీ ఆడవే, మగది లేకుండానే గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు పిల్లలవుతాయి. ఒక్కొక్కటి బతుకంతా కలిపి వందల గుడ్లు కింద రాలుస్తుంది. గుడ్డు గోధుమరంగులో గుండ్రంగా, ఆవగింజంత ఉంటుంది, ఒక కొసన పసుపు బొడిపె కనిపిస్తుంది. రెట్ట అయితే పొడుగ్గా, బొడిపె లేకుండా ఉంటుంది. అడుగున తెల్ల టిష్యూ పరిస్తే తేడా తేలిగ్గా తెలుస్తుంది. గది వేడిలో సుమారు నాలుగు నెలలకి పొదుగుతాయి. ఎన్ని పెంచగలరో అన్ని గుడ్లే ఒక చిన్న డబ్బాలో దాచి, మిగతావి రెండు మూడు రోజులు ఫ్రీజర్‌లో పెట్టి ఆ తర్వాతే చెత్తలో వేయండి. పాపకి ఇది కష్టంగా అనిపించొచ్చు, మా పాపకీ అనిపించింది, కానీ పుట్టాక తిండి లేక చావడం కంటే ఇదే నయమని కూర్చోబెట్టి చెప్పాం. తోటలో వదిలేయడం మాత్రం చేయొద్దు. న్యూజిలాండ్ నుంచి మొక్కలతో పాటు వచ్చిన వేరే రకాలు కార్న్‌వాల్‌లో, సిల్లీ దీవుల్లో ఇప్పటికీ బయట బతుకుతున్నాయి, అంటే ఒకసారి బయటపడితే వెనక్కి రావు.

ఇండియా ప్రయాణానికి స్కూల్లో ఇంకో పిల్ల వాళ్లింట్లో అడగండి, చాలామంది సంతోషంగా తీసుకుంటారు. బ్రాంబుల్ పొద ఎక్కడుందో తీసుకెళ్లి చూపించండి, మాటల్లో చెబితే ఏదో ఒక ఆకు కోసుకొస్తారు. గుడ్ల డబ్బా కూడా వాళ్లకే ఇవ్వండి, మీరు లేనప్పుడే పిల్లలు వస్తే ఆకు లేక ఒక్కటీ మిగలదు. సూట్‌కేస్‌లో గుడ్లు పెట్టుకుని మాత్రం ఎగరకండి. ఇది చదువుతున్నవాళ్లలో అమెరికాలో ఉన్నవాళ్లెవరైనా ఉంటే, అక్కడ వీటిని మొక్కల తెగుళ్ల కింద లెక్కేస్తారు, వ్యవసాయ శాఖ పర్మిట్ లేకుండా పెంచకూడదు. మన ఊళ్లో వానాకాలం చెట్టు మీద దొరికినదాన్ని చూడాలనుకుంటే ఏ చెట్టు మీద ఉందో ఆ ఆకే పెట్టి, ఒకటి రెండు రోజులు చూసి అదే చెట్టు మీద వదిలేయండి.

మీ డబ్బా లోపలి ఎత్తు ఒకసారి స్కేలుతో కొలిచి, చనిపోయినదాని కాళ్లు వంకరగా ఉన్నాయేమో చూసి కింద రాయండి, మిగతావాటికి ఏం మార్చాలో చెప్తాను.